రైజోమార్ఫ్ అంటే ఏమిటి? వేరుశనగ మొదళ్ల దగ్గర తెల్ల దారాలు కనబడితే ఏం చేయాలి?

శిలీంధ్రం, అంటే మనం బూజు అనేది, సన్నని పోగులతో పెరుగుతుంది. విడి పోగు కంటికి ఆనదు. కొన్ని రకాల్లో ఈ పోగులు వందలకొద్దీ కలిసి, కొబ్బరి పీచును తాడు పేనినట్టు పెనవేసుకుంటాయి. అలా బిగుసుకుని, పైన ముదురు రంగు తొడుగుతో, వేరులాగే కొసన పెరిగే తాడే రైజోమార్ఫ్. గ్రీకు భాషలో రైజా అంటే వేరు, మార్ఫే అంటే రూపం. ఈ తాడు నీటిని, పోషకాలను మోసుకుంటూ ఆహారం లేని నేలను కూడా దాటిపోగలదు. అమెరికాలోని ఓరెగాన్ అడవిలో ఆర్మిల్లేరియా అనే శిలీంధ్రం ఇలా చెట్టు నుంచి చెట్టుకు పాకి సుమారు 965 హెక్టార్లలో విస్తరించింది.

శ్రీకాకుళం, విజయనగరం మెట్ట పొలాల్లో వేరుశనగకు మొదలు కుళ్లు తెచ్చే స్క్లీరోషియం శిలీంధ్రానికి అంత గట్టి తాళ్లుండవు. తొడుగు లేని తెల్లని పేటలు వేసి, నేల మీదుగా పక్క మొక్కను అందుకుంటుంది. అందుకే ఈ తెగులు సాలు వెంట వరుసగా పోతుంది.

అయితే తెల్ల దారం కనబడగానే మందు కొట్టకండి. ఆచ్ఛాదనగా పరిచిన గడ్డి కింద, పెంటకుప్పలో కనిపించే దారాలు చాలావరకు చెత్తను కుళ్లబెట్టి ఎరువు చేసేవే. వాటిపై మందు దండగ. మొక్క మొదలును గోటితో గీకి చూడండి. గట్టిగా, పచ్చగా ఉంటే భయం లేదు. గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి, కొమ్మలు వడలి, మొదట తెల్లగా ఉండి తర్వాత గోధుమ రంగుకు మారే ఆవగింజలంత గుండ్లు కనిపిస్తే అది తెగులే. ఆ గుండ్లు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

తెగులు సోకిన మొక్కను చుట్టూ మట్టితో సహా తీసి, దారిలో రాలకుండా సంచిలో వేసి తీసుకుపోయి కాల్చాలి. చుట్టుపక్కల మొక్కల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 2 మి.లీ. హెక్సాకొనజోల్ కలిపి పోయాలి. మొక్క మొదలుకు మట్టి ఎగదోయడం ఈ తెగులుకు చేజేతులా దారి ఇవ్వడమే.

వచ్చే పంటకు ముందు లోతు దుక్కి చేస్తే గుండ్లు అడుగున పడి మొలకెత్తలేవు. 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా నీడలో 15 రోజులు ఉంచి ఎకరాకు చల్లాలి. రసాయన మందుతో కలిపి మాత్రం వాడకూడదు. మొక్కజొన్నతోగాని, నీరున్న చోట వరితోగాని పంట మార్చండి.

అనుమానముంటే మొక్కను వేరు, మట్టితో సహా రైతు సేవా కేంద్రానికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లి చూపించండి.