పాత సైనిక ట్రక్కుల మరమ్మత్తు

సైన్యం వాడి, సేవ నుంచి తొలగించి, వేలంలో అమ్మిన బరువు వాహనాల లోపాలను కనిపెట్టి సరిచేయడాన్ని పాత సైనిక ట్రక్కుల మరమ్మత్తు అంటారు. మామూలు లారీ ఎక్కువగా తిరిగి అరుగుతుంది. సైనిక ట్రక్కు ఎక్కువగా నిలిచి చెడుతుంది. కనుక మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుతున్నదని సంతోషించడం తొందరపాటు. అది ఎన్నేళ్ళు కదలకుండా ఉన్నదో ముందుగా తెలుసుకోవాలి.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక ట్రక్కులు భారతదేశంలో పౌరుల చేతికి వచ్చాయి. వాటిలో కొన్నింటికి వెనుక క్రేను బిగించి, దారిలో ఆగిన లారీలను లాగడానికి దశాబ్దాలపాటు వాడారు. జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో 1959లో జబల్‌పూరులో శక్తిమాన్ ట్రక్కుల తయారీ మొదలై 1996 వరకు సాగింది. నిస్సాన్ వన్ టన్, జోంగా వాహనాలు కూడా జబల్‌పూరువే. ఆ తరువాత అశోక్ లేలాండ్ వారి స్టాలియన్ ప్రధాన స్థానాన్ని పొందింది.

సైన్యంలో మరమ్మత్తుల బాధ్యత 1943లో ఏర్పడిన ఈఎంఈ విభాగానిది. దాని శిక్షణ కళాశాల సికింద్రాబాదులోని తిరుమలగిరిలో ఉన్నది. నగరానికి తూర్పున, వరంగల్ రహదారిపై ఉప్పల్, దానికి ఆనుకొని నాచారం పారిశ్రామికవాడ ఉన్నాయి. తయారీ ఆగిపోయిన ట్రక్కుకు విడిభాగాలు దుకాణంలో దొరకవు. పాత భాగాన్ని నమూనాగా పెట్టుకొని లేత్ మీద కొత్తది చేయించవలసిందే. అందువల్ల మెకానిక్ షెడ్డుకు దగ్గరలో నాచారం వంటి చిన్న యంత్ర పరిశ్రమల ప్రాంతం ఉండడం పెద్ద సౌకర్యం. అరిగిన బుష్షు, పిన్ను, షాఫ్టు ఈ విధంగా చేయించుకోవచ్చు. స్టీరింగు, బ్రేకు భాగాలను మాత్రం ఏ లోహంతో చేస్తున్నారో తెలియకుండా చేయించరాదు.

ఇంజను

నిలిచిన ఇంజనును వెంటనే సెల్ఫ్ కొట్టి తిప్పకూడదు. సిలిండర్లలో తుప్పు ఉంటే పిస్టను రింగులు విరుగుతాయి. నాజిళ్ళు తీసి, కొద్దిగా ఆయిలు పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేతితో తిప్పి చూడాలి. పాత ట్యాంకులోని డీజిలును వాడక, శుభ్రమైన డబ్బా నుంచి విడిగా ఇంధనం ఇవ్వడం మేలు.

ఇంజను అందుకొని కొద్దిసేపటికి ఆగిపోతుంటే సాధారణంగా గాలి చేరిందని అర్థం. ట్యాంకుకు, ఫీడు పంపుకు మధ్య పైపులో సన్నని పగులుంటే గాలి లోపలికి వెళ్తుంది గాని డీజిలు బయటకు కారదు. అందుచేత ఈ లోపం కంటికి కనబడదు; పాపం, ఖరీదైన ఇంజెక్షన్ పంపు మీదికి నింద పోతుంది. ఫిల్టరుపై ఉన్న మరను వదులు చేసి, బుడగలు ఆగేవరకు చేతిపంపు కొట్టాలి. మళ్ళీ బుడగలు వస్తే పైపు మార్చాలి. నల్లని పొగ గాలి చాలకపోవడాన్ని లేదా ఇంధనం ఎక్కువవడాన్ని, నీలి పొగ ఆయిలు మండడాన్ని, తెల్లని పొగ మండని డీజిలును లేదా నీటిని సూచిస్తుంది.

అనేక సైనిక ట్రక్కులలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను కలిపి 24 వోల్టులు వాడతారు. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ కొనేముందు ఛాసిస్‌కు బిగించిన ఎర్తు తీగ వద్ద తుప్పు గీకి చూడాలి.

బ్రేకులు, చక్రాలు

ప్రాణాపాయం ఇక్కడే ఉన్నది. ఇంజను పలికిందన్న ఉత్సాహంలో బ్రేకులు చూడకుండా బండిని రోడ్డెక్కించరాదు. ద్రవంతో పనిచేసే బ్రేకులలో రబ్బరు గొట్టం పైకి బాగానే ఉండి లోపల ఉబ్బుతుంది. పెడలు తొక్కితే ద్రవం వెళ్తుంది, వదిలితే తిరిగి రాదు. ఒక చక్రం పట్టేసి వేడెక్కుతుంది. వీల్ సిలిండరు మార్చినా ఫలితం ఉండదు. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు గనుక ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

కొన్ని సైనిక వాహనాల రిమ్ము రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో కలిసి ఉంటుంది. చక్రాన్ని బండికి పట్టే నట్లు వేరు, రిమ్ము ముక్కలను పట్టే నట్లు వేరు. టైరులో గాలి ఉండగా రెండవ రకం నట్లు విప్పితే రిమ్ము పేలినట్లు ఎగిరి మనిషిని చంపగలదు. వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయిందని నిర్ధారించుకున్నాకే వాటిపై పానా వేయాలి.

ముందు ఇరుసుకు అవసరమైనప్పుడే శక్తిని కలిపే ట్రక్కును తారురోడ్డు మీద ఆ అమరికతోనే నడిపితే, మలుపులలో ముందు, వెనుక చక్రాల దూరాలు కలవక గేర్లు బిగుసుకొని లివరు కదలదు. సుత్తితో కొట్టడం వృథా. బండిని కొన్ని అడుగులు వెనక్కి నడిపితే సాధారణంగా వదులవుతుంది.

రిజిస్ట్రేషన్

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, సైనిక సేవ నుంచి తప్పుకున్న వాహనాన్ని రోడ్డుపై తిప్పాలంటే పౌర వాహనంగా కొత్తగా రిజిస్టరు చేయించాలి. పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే సైనిక నంబరు అంతటితో చెల్లదు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతున్నది. రక్షణ కార్యకలాపాలకు వాడే ప్రత్యేక వాహనాలకు ఇందులో మినహాయింపు ఉన్నది. కనుక వేలంలో కొనేవారు ఆ బండిని నడపడానికి అమ్ముతున్నారో, తుక్కుగా అమ్ముతున్నారో వేలం పత్రంలో చూసుకోవాలి. తుక్కుగా కొన్నదానిని ఎంత చక్కగా బాగుచేసినా రోడ్డుపై నడిపే హక్కు రాదు.