‘డిస్ట్రెయిన్’: ఒక జప్తు మాట చరిత్ర

ఆంగ్లమున ‘డిస్ట్రెయిన్’ అను క్రియ కలదు. న్యాయశాస్త్ర గ్రంథములలోను, పాత రెవిన్యూ కాగితములలోను తప్ప అది నేడు అరుదు. బాకీ రాబట్టుటకై బాకీదారుని పశువులనో, సామానునో పట్టుకొనుట దాని అర్థము. దీనినే మనము జప్తు అందుము. మడకశిర వంటి కరవు సీమలో రైతుకు నిఘంటువు అక్కరలేకయే తెలిసిన మాట ఇది.

ఆ క్రియకు మూలము లాటిను భాషలోని ‘డిస్ట్రింగెరె’. ‘స్ట్రింగెరె’ అనగా బిగించుట. ‘డిస్’ అనగా వేర్వేరు వైపులకు. ఇరువైపులా లాగి బిగించుట తొలి అర్థము కాగా, మధ్యయుగమున అది నిర్బంధించుటగా మారినది. ఇంగ్లండులో కౌలు చెల్లింపని వాని పశువులను భూస్వామి తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టెడివాడు. అవి కుదువ మాత్రమే. కౌలు బాకీకై వాటిని అమ్ముకొను హక్కు 1689 నాటి చట్టముతో గాని రాలేదు.

ఆ ధాతువునకు మరి రెండు సంతానములు గలవని శ్రోతలు గమనింపవలెను. ప్రభువు ఇట్లు నిర్బంధింపగల మేరకు ‘డిస్ట్రిక్టుస్’ అని పేరు. అదియే ‘డిస్ట్రిక్టు’, మన జిల్లా. నిర్బంధమునకు లోనైన వాని ఇక్కట్టు ‘డిస్ట్రెస్’. జప్తు, జిల్లా, బాధ అను మూడును ఆంగ్లమున ఒక్క తల్లి బిడ్డలే.

ఈ మూడును మన సీమకు కలసియే వచ్చినవి. 1800లో నిజాము ఈ ప్రాంతమును కంపెనీకి ఇచ్చివేయగా ఆంగ్లేయులు దీనిని ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్నారు, మనకు దత్తమండలములు. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నున్న థామస్ మన్రో రైత్వారీ పద్ధతికి పునాది వేసెను. ఆ పద్ధతిలో మధ్యవర్తి తొలగెను గాని, బాకీపడిన నాడు సర్కారు చేయి తిన్నగా రైతు గడప తాకెను. శిస్తు బిగువును గుర్తించి, దానిని నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో సిఫారసు చేసినవాడును మన్రోయే.

1864 నాటి మద్రాసు రెవిన్యూ వసూలు చట్టము శిస్తు బాకీకై చరాస్తిని, స్థిరాస్తిని పట్టి అమ్ముటకు అధికారమిచ్చినది. పండ్రెండేండ్లకు, 1876లో, వానలు తప్పి మహాక్షామము వచ్చినది. అప్పటి ప్రభుత్వ నివేదికలు జనుల బాధకు వాడిన మాట ‘డిస్ట్రెస్’. నాడు బళ్ళారి జిల్లాలో నున్న మడకశిర 1882లో అనంతపురం జిల్లాలోనికి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోనికి మారినది.

బిగింపునకు హద్దు ఉండవలెనని మాత్రము ఆ దేశమువారు తొలినాడే గుర్తించిరి. ఇతర సొత్తు దొరకినచో దున్నెడు పశువులను పట్టరాదని పదమూడవ శతాబ్దపు ఇంగ్లండు శాసనము చెప్పినది. కారణము దయ ఒక్కటియే కాదు. ఎద్దు పోయిన పిదప సేద్యము లేదు, సేద్యము లేనిదే మరుసటి ఏటి శిస్తును లేదు. రాయలసీమలో నాగలిని మడక అందురు. మడకశిర అన్నప్పుడెల్ల ముందుగా వినవచ్చునది ఆ మాటయే.