సలిమంట కాడ మంచు ముచ్చట

ఇంకో కట్టె ఎగదొయ్యి బిడ్డా. సంక్రాంతి దాక మన ఇబ్రహీంపూర్ల సలి గిట్లనే ఉంటది.

ఇందాక మనుమడు ఫోన్ల ఒకటి సూపెట్టిండు. కొండంత ఎత్తుల మంచు జారుడు బండ. కాళ్ళకు పొడుగు పలకలు కట్టుకొని ఒకడు సర్రున జారి, ఆఖర్న గాలిలకు లేసి, గద్ద లెక్క పోయి పోయి, 100 మీటర్ల అవతల దిగిండు. స్కీ జంపింగట. నాకు నవ్వొచ్చింది. గిది మేం మోట బాయిల చెయ్యలేదారా!

మా చిన్నప్పుడు బోర్లు యాడియి? ఎండకాలమొస్తె పిలగాండ్లమంత బాయి కాడనే. నడుముకు బెండు కట్టుకున్నోడు పసోడు, బెండు ఇడిసినోడు మొగోడు. కొందరు దరి మీదికెల్లి దుంకేది, నేను ఇంకా పైకి, చింత కొమ్మ మీదికెల్లి. నీళ్ళు దబ్బున లేస్తె గట్టు మీదోళ్ళు కేకలు పెట్టేది. ఒకనాడు దుంకుడు మంచిగనే దుంకిన, ఎక్కుడే రాలే. మెట్ల నిండ పాకురు. మూడుసార్లు జారిన, మోకాలి తోలు లేసిపోయింది. ఆఖరికి మోట కొట్టే ముసలాయన తాడు ఇడిస్తె పట్టుకొని బయటవడ్డ. పైకొచ్చినంక రెండు తగిలిచ్చిండు. దుంకేముందు ఎట్లెక్కుతవో సూస్కోవా అని.

మనుమడు చెప్పిన ఒక మాట నాకు బాగ నచ్చింది. ఆ ఆటల దూరం ఒక్కటే సూడరట. ఐదుగురు పెద్దమనుషులు కూసొని, వాడు ఎట్ల దిగిండో సూసి మార్కులేస్తరట. ఒక కాలు ముందుకు, ఒక కాలు ఎనుకకు, మోకాళ్ళు వంచి, తూలకుంట దిగాలె. అందరికంటె ఎక్కువేసినోనిది, అందరికంటె తక్కువేసినోనిది తీసేసి, మిగిలిన మూడే కలుపుతరట. మన పంచాయతిల గూడ గిట్ల తీసేస్తె సగం కొట్లాటలు ఉండకపోవు.

ఆ స్కీ జంపింగ్‌ల ఫిన్లాండ్ దేశంల మాత్తి నైకానెన్ అని ఒకడుండె. 1984ల ఒలింపిక్స్‌ల ఒక బంగారు పతకం, 1988ల కాల్గరీల మూడు. ప్రపంచ కప్పు పోటీలు 46 గెలిచిండు. గాలిల వాన్ని మించినోడు లేడన్నరు. ఆట ఇడిసినంక తాగుడు మరిగిండు, పతకాలు అమ్ముకున్నడు, జైలుకు గూడ వోయిండు. 2019ల 55 ఏండ్లకే పోయిండు. ఎన్నివందల సార్లు ఎగిరి చక్కగ దిగినోడు, పేరు మీదికెల్లి దిగుడు వానికి రాలే. వాన్ని తిడుతలేను. తాడు ఇడిసే ముసలాయన వానికి దొరకలేదేమో.

మనకాడ మంచు లేదు గని, మంచు మీదికి వోయి తిరిగొచ్చిన పిల్ల ఉన్నది. మాలావత్ పూర్ణ. మనకు దూరమేం కాదు, నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల. లంబాడోళ్ళ బిడ్డ, తల్లిదండ్రులు కూలి చేసుకునేటోళ్ళు. నోట్లు బందైన 2016ల మన ఊరు నగదు లేని ఊరని పేపర్లకెక్కిందని మనం మురుస్తం గని, పాకాల పేరు అంతకు 2 ఏండ్ల ముందే దేశమంత మోగింది.

తాడ్వాయి గురుకులంల సదువుతుండె. అప్పుడు గురుకులాలకు పెద్ద ఆర్‌.ఎస్‌. ప్రవీణ్ కుమార్, పోలీసు ఆఫీసరు. 100 మందికి పైగ పిల్లలను భువనగిరి గుట్ట మీద ఎక్కుడు, దిగుడు నేర్పిచ్చిన్రు. నేర్పినాయన శేఖర్ బాబు. అండ్లకెల్లి ఏరి డార్జిలింగ్‌కు, అటెన్క లడఖ్ సలికి తోలిన్రు. ఆఖరికి ఇద్దరు మిగిలిన్రు, పూర్ణ, ఖమ్మం దిక్కు పిలగాడు ఆనంద్ కుమార్. ఎవరెస్టును నేపాల్ దిక్కుకెల్లి 16 ఏండ్లు నిండందే ఎక్కనియ్యరు. అందుకే టిబెట్ దిక్కుకెల్లి వోయిన్రు. 2014 ఏప్రిల్ 18ననే నేపాల్ దిక్కు మంచు ఇరిగి 16 మంది పోయిన్రు. అయినా వీళ్ళు ఎనుకకు రాలే.

2014 మే 25న పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. 13 ఏండ్ల 11 నెలల పిల్ల. ఇంకో 8 రోజులకు తెలంగాణ వచ్చింది.

అంబేద్కర్ ఫోటో, ఎస్‌.ఆర్‌. శంకరన్ ఫోటో పైకి తీస్కపోయిన్రు. శంకరన్ పేరిన్నప్పుడు నా గొంతు పట్టుకపోయింది బిడ్డా. నేను జీతమున్నోన్ని. మీ ఈడుల బడికి గాదు, దొడ్లకు వోయిన. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి. అయ్య చేసిన అప్పు తీరేదాక కదలొద్దు. 1976ల ఎట్టి బందు చేస్తూ చట్టమొస్తె, అది కాయితం మీదనే ఉండకుంట ఊర్లకు తెచ్చేతందుకు తిరిగిన ఆఫీసరాయన. గురుకులాల ఎనుక గూడ ఆయన చెయ్యున్నది. గసోంటాయన బొమ్మ గంత ఎత్తుకు వోయిందంటె ఏడుపొస్తదా రాదా?

అందరు ఎక్కుడు గురించే అడుగుతరు. ఆడ నిలవడేది జరసేపే. సీసాల గాలి లెక్కతోనే ఉంటది, ఎక్కంగ అయిపోతె దిగుతానికి ఉండది. మస్తుమంది పానాలు పోయేది దిగేటప్పుడేనట. దారిల సచ్చినోళ్ళు అట్లనే గడ్డగట్టి ఉంటరట, వాళ్ళను దాటుకుంట రావాలె. ఆ పిల్ల వచ్చింది. అంతటితోని ఆగలే, ఏడు ఖండాలల్ల ఒక్కో ఖండానికి పెద్ద గుట్ట ఎక్కాలని పట్టింది. 2022 జూన్ 5న అమెరికల డెనాలి ఎక్కి ఏడోది గూడ అయిందనిపిచ్చింది.

మా మోట బాయి పూడిపోయి శాన ఏండ్లయింది. చింతచెట్టు గూడ లేదు. ఇగ లేవుండ్రి, నిప్పుల మీద నీళ్ళు సల్లి పోయి పండుండ్రి. పొద్దుగాల బడి ఉన్నది.