ఆకుకూరలోని విటమిన్, ల్యుకీమియా మందు

1947 చివరి రోజుల్లో బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో, ల్యుకీమియాతో మరణానికి చేరువైన పిల్లలకు సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్ అనే కొత్త మందును ఇవ్వడం మొదలుపెట్టాడు. అది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనశాలలో తయారయింది. తెలుగువారు ఈ కథను సాధారణంగా ఆయనకు నోబెల్ రాలేదన్న బాధతో ముగిస్తారు. కానీ అందులో అంతకన్నా ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. ఈ మందుకు దారి చూపినది ఆహారం గురించిన ఒక తప్పుడు ఊహ.

కథకు మొదలు బొంబాయిలో ఉంది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను ఈస్ట్ సారం నయం చేస్తోందని ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ 1931లో ప్రకటించింది. ఆమె వాడినది మార్మైట్ అనే చవక తినుబండారం. అందులో పనిచేసే పదార్థమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పదేళ్ల తరువాత టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే అర్థమున్న మాటను తీసుకుని ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని 1945లో లెడర్లీ బృందం కృత్రిమంగా తయారుచేసింది. సుబ్బారావుకు ఇందులో సొంత లెక్క కూడా ఉంది. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం గుణమిచ్చింది.

ఇంత మేలు చేసిన విటమిన్ కాన్సర్‌కు కూడా మేలు చేస్తుందనుకోవడం సహజం. న్యూయార్క్‌లో రిచర్డ్ లెవిసోన్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఆ ఆశను బలపరిచాయి. లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను ఫార్బర్ రోగులకు ఇచ్చాడు. ల్యుకీమియా ఉన్న పిల్లల్లో ఫలితం తలకిందులైంది. వారి మూలుగలో వ్యాధి కణాలు మరింత వేగంగా పెరుగుతున్నట్లు ఆయనకు కనిపించింది. నేటి నైతిక సంఘాలు అటువంటి ప్రయోగాన్ని అంత తేలికగా అనుమతించవు. అయితే ఫార్బర్ గొప్పతనం తన ఊహను పట్టుకుని వేలాడకపోవడంలో ఉంది. పోషణ ఇస్తే వ్యాధి పెరుగుతున్నదంటే, ఆ పోషణను అడ్డుకుంటే తగ్గాలి. లెడర్లీ రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని చెడగొట్టే అణువులను తయారుచేశారు. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. నకిలీ తాళంచెవి దూరిన తాళంలా అక్కడ పని ఆగిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ బృందం ప్రచురించిన వ్యాసం ప్రకారం పదహారు మంది పిల్లల్లో పది మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే. కానీ అంతవరకు ఆ జబ్బుకు మరణమే ముగింపు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు యాభై మూడేళ్ల వయసులో కన్నుమూశాడు. అమినాప్టెరిన్‌కు దగ్గర బంధువైన మెథొట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

పోషకం ఎప్పుడూ రక్షకమే అన్న నమ్మకం మాత్రం అంత తేలికగా పోలేదు. 1994లో ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిపిన అధ్యయనంలో బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారికి ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అదే తరహా అమెరికన్ అధ్యయనాన్ని 1996లో గడువుకు ముందే ఆపివేశారు. 2007లో ప్రచురితమైన మరొక అమెరికన్ అధ్యయనంలో రోజుకు ఒక మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం పెద్దపేగులో కణుతులు తిరిగి రాకుండా ఆపలేకపోయింది. క్యారెట్ తినేవాడికి కలిగే మేలంతా క్యారెట్‌లోని ఒక్క అణువుది కాదు. అలాగని ఫోలిక్ ఆమ్లాన్ని దోషిగా నిలబెట్టడమూ తగదు. 1998 నుంచి అమెరికాలో గోధుమపిండికి దానిని తప్పనిసరిగా కలుపుతున్నారు, వెన్నుపాము లోపాలతో పుట్టే శిశువుల సంఖ్య అక్కడ తగ్గింది.

నివారణలో ఆహారం పాత్రకు బలమైన ఆధారాలు ఇంత ఆకర్షణీయంగా ఉండవు: శరీర బరువు అదుపు, మద్యం తగ్గింపు, నిల్వచేసిన మాంసానికి దూరం, పీచు ఎక్కువగా ఉండే తిండి. అమెరికాలోని తెలుగు ఇళ్లలో గోంగూరకు, తోటకూరకు లోటు లేదు, వాటి పక్కన తెల్లన్నం పరిమాణం మాత్రం తగ్గదు. చికిత్స మొదలయ్యాక సమస్య మారిపోతుంది. అప్పటికి అసలు ప్రమాదం బరువు తగ్గి కండ కరిగిపోవడం. కాన్సర్‌ను ఆకలితో మాడ్చి చంపుదామని పప్పు, పెరుగు, గుడ్డు మానేసిన రోగి ముందుగా తానే నీరసించి, కీమోథెరపీని తట్టుకునే శక్తి కోల్పోతాడు.

విటమిన్ మాత్రల సంగతి కూడా మందును బట్టే తేలుతుంది. కాన్సర్‌కు మెథొట్రెక్సేట్ తీసుకునే రోగి సొంతంగా ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే మందు పనికి అడ్డు రావచ్చు. అమెరికాలో 2004లో ఆమోదం పొందిన పెమెట్రెక్సెడ్ కూడా ఫోలేట్‌కు విరోధే. తొలి పరీక్షల్లో, శరీరంలో ఫోలేట్ తక్కువగా ఉన్నవారికే దాని విషప్రభావం ఎక్కువగా కనిపించింది. అందుకని ఆ మందు ఇవ్వడానికి వారం రోజుల ముందు నుంచే రోగికి ఫోలిక్ ఆమ్లం మాత్రలు, ఒక బీ12 ఇంజెక్షన్ వైద్యులే రాసిస్తారు.