బహుళ థ్రెడ్ల ప్రోగ్రాములలో సిగ్నళ్ల నిర్వహణ

యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టంలలో నడుస్తున్న ప్రాసెస్‌కు కెర్నెల్ గానీ మరో ప్రాసెస్ గానీ ఒక సంఘటనను తెలియజేయడానికి పంపే సంకేతాన్ని సిగ్నల్ అంటారు. కీబోర్డుపై కంట్రోల్-సి నొక్కినప్పుడు వెలువడే సిగ్‌ఇంట్ ఇందుకు ఉదాహరణ. సిగ్నల్ అందగానే ప్రోగ్రాము చేస్తున్న పనిని ఎక్కడికక్కడ ఆపి, ముందుగా నమోదు చేసుకున్న హ్యాండ్లర్ అనే ఫంక్షన్‌ను నడుపుతుంది. 1979 నాటి ఏడవ ఎడిషన్ యూనిక్స్‌లో హ్యాండ్లర్‌ను పిలవగానే దాని నమోదు రద్దయ్యేది కాబట్టి, తిరిగి నమోదు చేసేలోగా రెండో సిగ్నల్ వస్తే ప్రోగ్రామే అంతమైపోయే ప్రమాదం ఉండేది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ ఈ లోపాన్ని సరిదిద్ది, కోరినంతసేపు సిగ్నళ్లను ఆపి ఉంచే మాస్క్‌ను అందించగా, 1988 నాటి పోసిక్స్ ప్రమాణం సిగ్‌యాక్షన్, సిగ్‌ప్రాక్‌మాస్క్ ఫంక్షన్లతో ఆ పద్ధతిని స్థిరపరచింది.

ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లు అనే అనేక సమాంతర కార్యధారలు నడవడం మొదలయ్యాక, వచ్చిన సిగ్నల్ ఎవరిదన్న చిక్కు తలెత్తింది. 1995 నాటి పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం దీనికి చెప్పిన పరిష్కారం ఒక రాజీ: హ్యాండ్లర్ ప్రాసెస్ మొత్తానికీ ఉమ్మడి, మాస్క్ మాత్రం ఏ థ్రెడ్‌కు ఆ థ్రెడ్‌దే. తప్పుడు మెమొరీ చిరునామాను తాకినందుకు వచ్చే సిగ్‌సెగ్వ్ ఆ తప్పు చేసిన థ్రెడ్‌కే చేరుతుంది. ప్రాసెస్‌ను ఉద్దేశించి వచ్చినదాన్ని మాత్రం, దాన్ని నిరోధించని థ్రెడ్లలో ఏదో ఒకటి అందుకుంటుంది. ఆ థ్రెడ్ సరిగ్గా అదే క్షణంలో మెమొరీ కేటాయించే మాలాక్ ఫంక్షన్ లోపల తాళం పట్టుకుని ఉండి, హ్యాండ్లర్ కూడా మాలాక్‌నే పిలిస్తే, తన తాళం కోసం తానే ఎదురుచూస్తూ శాశ్వతంగా నిలిచిపోవచ్చు. అందుకే ప్రధాన థ్రెడ్ మిగిలినవాటిని సృష్టించక ముందే పీథ్రెడ్_సిగ్‌మాస్క్‌తో సిగ్నళ్లను నిరోధించడం, ఆ మాస్క్ వారసత్వంగా అన్ని థ్రెడ్లకూ సంక్రమించాక ఒక్క థ్రెడ్‌ను సిగ్నల్ కోసం వేచి ఉండే సిగ్‌వెయిట్‌లో కూర్చోబెట్టి వాటిని మామూలు కోడ్‌లోనే స్వీకరించడం ఆనవాయితీగా మారింది. హ్యాండ్లర్ల కంటే ఇదే నిస్సందేహంగా మేలైన మార్గం.

లినక్స్‌లో ఈ ప్రమాణం ఆలస్యంగా నెరవేరింది. జేవియర్ లెరోయ్ రచించిన లినక్స్‌థ్రెడ్స్ అనే థ్రెడ్ల లైబ్రరీలో ప్రతి థ్రెడ్ కెర్నెల్ దృష్టిలో వేరే ప్రాసెస్ కావడంతో, సిగ్నల్ ఏ ప్రాసెస్ సంఖ్యకు పంపితే ఆ థ్రెడ్‌కే చేరేది, అది నిరోధించి ఉంటే అక్కడే ఆగిపోయేది. 2003లో ఉల్రిచ్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్‌ల కొత్త థ్రెడ్ల లైబ్రరీ ఎన్‌పీటీఎల్, దానికి తోడ్పడిన 2.6 కెర్నెల్ వచ్చాకే ఆ లోటు తీరింది. 2007లో 2.6.22 కెర్నెల్‌తో వచ్చిన సిగ్నల్‌ఎఫ్‌డీ, సిగ్నళ్లను ఫైలు నుంచి చదివినట్టే చదువుకునే వీలు కల్పించింది. అయితే దానికీ ముందస్తు నిరోధం తప్పనిసరి. పైగా ఆ మాస్క్, ప్రాసెస్‌లో కొత్త ప్రోగ్రామును నడిపే ఎగ్జెక్ తరువాత కూడా నిలిచి ఉంటుంది కనుక, దాన్ని తొలగించకుండా ప్రారంభించిన కొత్త ప్రోగ్రాము కంట్రోల్-సికి స్పందించకుండా పోతుంది.