సారాయి నుంచి రబ్బరు

రబ్బరు చెట్టు పెరగని సోవియట్ దేశం 1926లో కృత్రిమ రబ్బరు తయారీకి పోటీ ప్రకటించింది. నమూనాగా రెండు కిలోలు పంపాలి. గెలిచిన సెర్గేయ్ లెబెదెవ్ బృందం ధాన్యం, బంగాళాదుంపల నుంచి తీసే ఆల్కహాల్‌ను ముడిసరుకుగా ఎంచుకుంది. దాని ఆవిరిని సుమారు 400 డిగ్రీల వేడిలో జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిపిన ఉత్ప్రేరకం మీదుగా పంపేవారు. మొదటిది హైడ్రోజన్‌ను లాగేస్తే, రెండోది నీటిని విడగొడుతుంది; కిటుకంతా ఆ కలపడంలోనే ఉంది. అలా వచ్చిన బ్యూటాడయీన్‌ను సోడియం రబ్బరుగా మార్చేది. 1932లో యారొస్లావ్ల్‌లో కర్మాగారం మొదలైంది. తిండిగింజలకే కటకటలాడుతున్న దేశానికి ఇది ఖరీదైన రబ్బరే. యుద్ధానంతరం చవకైన పెట్రోలియం ఈ పద్ధతిని పక్కకు నెట్టింది. జీవ ఇథనాల్ పుణ్యమా అని పరిశోధకులు మళ్లీ ఇటు చూస్తున్నారు, ఈసారి ఎక్కువగా మెగ్నీషియా, సిలికా మిశ్రమాలతో.