ఒక మాంసఖండపు నామచరిత్ర

నిఘంటువులు తిరగవేయడం నాకు వృత్తిరీత్యా అబ్బిన వ్యసనం. మూడు దశాబ్దాలకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన తరువాత కూడా అది నన్ను వదలలేదు. అమరకోశంలో మాంసానికి ఆరు పేర్లున్నాయి: మాంసం, పిశితం, పలలం, తరసం, క్రవ్యం, ఆమిషం. ఎండబెట్టిన మాంసానికి వేరే మాట, వల్లూరం. భాషాప్రవీణ చదివే రోజుల్లో ఇవన్నీ కంఠస్థం చేసినవాణ్ణే. అయినా మొన్న అమెరికాలో మా మనవరాలు ఒక మాంసఖండాన్ని చూపి, "తాతయ్యా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఆ ఖండం గొడ్డుమాంసంలోనిది. ఆ మాట వినడమే గిట్టని పాఠకులు కొందరుంటారని ఎరుగుదును. వారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు. అయితే మా ఇంట అది తరతరాల తిండి. దాన్ని గురించి వ్రాయడానికి ఇన్నేళ్ళు జంకాను. ఇక జంకవలసిన వయస్సు దాటిపోయింది.

ఇంగ్లీషులో దాని పేరు ట్రై-టిప్. మూడు కొనలున్నది కనుక ఆ పేరు. పశువు తుంటి ఎముక కొన దగ్గర మొదలై తొడ ముందుభాగం మీదికి దిగే చిన్న కండ అది. శరీరశాస్త్రంలో టెన్సర్ ఫాషియే లాటే అని చాంతాడంత పేరు. పశువుకు ప్రక్కకొకటి చొప్పున రెండే ఉంటాయి. ఒక్కొక్కటి ముప్పాతిక కిలో మొదలు కిలోంబావు వరకూ తూగుతుంది. దాని అల్పత్వంలోనే దాని చరిత్ర అంతా ఉంది. పశువును నిలువునా రెండు చేసి అంగడిలో వ్రేలాడదీసుకొనే కాలంలో, రెండే రెండు ముక్కలను ప్రత్యేకంగా పళ్ళెంలో పెట్టి అమ్మితే ఇద్దరు కొనుగోలుదారులతో సరి. మూడోవాడు వచ్చి అడిగితే లేదనాలి. అందుచేత కసాయివాళ్ళు దాన్ని కైమాలో కలిపేసేవారు, లేదా పులుసు ముక్కలుగా కోసి అమ్మేవారు. మంచి కండ అని వారికి తెలియక కాదు.

దాన్ని కైమా నుండి విడదీసి ప్రఖ్యాతికి తెచ్చిన ఊరు కాలిఫోర్నియాలోని శాంటా మరియా. మా అబ్బాయి మొదట ఆ ప్రాంతంలోనే ఉద్యోగం చేశాడు. ఆ లోయ చరిత్ర చదువుతూంటే నాకు మా వాడ గుర్తుకు వచ్చింది. ఎందుకో చెబుతాను. 1834 ప్రాంతంలో అక్కడి క్రైస్తవ మిషన్ల భూములు ప్రభుత్వపరమై, పెద్ద పెద్ద పశుక్షేత్రాలుగా భూస్వాముల చేతుల్లోకి పోయాయి. ఆ క్షేత్రాలలో పశువులను కోసింది మాంసం కోసం కాదు, తోలు కోసం, కొవ్వు కోసం. బోస్టన్ నుండి ఓడలు వచ్చి తోళ్ళను మోసుకుపోయేవి. ఆ తోళ్ళతో మసాచుసెట్స్‌లో చెప్పులు కుట్టేవారు. నాణేలు కరువైన ఆ దేశంలో తోలే చెలామణీ అయింది. దానికి కాలిఫోర్నియా నోట్లు అని పేరు కూడా పెట్టారు. రిచర్డ్ హెన్రీ డానా అనే విద్యావంతుడు 1835, 36 సంవత్సరాలలో నావికుడుగా ఆ తీరంలో పనిచేసి, ఎండిన తోళ్ళను నెత్తిన పెట్టుకొని అలల్లోంచి పడవలకు మోసిన అనుభవాన్ని 1840లో గ్రంథంగా ప్రకటించాడు. తోలు ఓడ ఎక్కేది. ఇళ్ళలో వండుకోగా మిగిలిన మాంసం కుక్కలకు, రాబందులకు పోయేది.

మా ఊళ్ళో కూడా తోలుకే విలువ. చచ్చిన గొడ్డును మోసుకుపోవడం, తోలు వలచడం, ఊనడం, చెప్పులు కుట్టి ఆసాములకు ఇవ్వడం మా తాతల విధి. మాంసం మా వాళ్ళకు మిగిలేది. అక్కడ రాబందులకు మిగిలినట్టు అని వ్రాయబోయి ఆగాను. కానీ వ్రాయక తప్పదు, ఊరివారి దృష్టిలో అంతే.

ఆ పశుక్షేత్రాలలో పశువులను పోగుచేసి ముద్రలు వేసే రోజున ఇరుగుపొరుగులందరికీ విందు జరిగేది. మాంసపు ముక్కలను బలమైన విల్లో కొమ్మలకు గుచ్చి, ఎర్ర ఓక్ కట్టెల నిప్పుల మీద కాల్చేవారు. 1862 నుండి 64 వరకూ వచ్చిన ఘోరమైన అనావృష్టిలో పశువులు వేలాదిగా చచ్చి ఆ భూస్వాముల వైభవం కూలిపోయింది. కాల్చుకు తినే అలవాటు మాత్రం నిలిచింది. 1931లో శాంటా మరియా క్లబ్బువారు నెలనెలా రెండవ బుధవారం మగవారి విందు మొదలుపెట్టారు. ఒక్కొక్క విందుకు ఏడువందల మంది వరకూ వచ్చేవారట. అయితే అప్పటికి వారు కాల్చింది తుంటి పైభాగపు పెద్ద ఖండాన్నే. మన చిన్న కండ అప్పటికింకా కైమాలోనే ఉంది.

1950ల చివర శాంటా మరియాలోని సేఫ్‌వే దుకాణంలో మాంస విభాగం చూసుకొనే బాబ్ షుట్జ్, ఆ కండను కైమాకు పంపకుండా ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి ఉప్పు పట్టించి నిప్పుల మీద త్రిప్పి కాల్చి చూశాడని, అది అద్భుతంగా ఉందని, నాటి నుండి ఆ ఊళ్ళో దానికి గిరాకీ పుట్టిందని అక్కడివారు చెబుతారు. మరి ఓక్‌లాండ్‌లో ఓటో షేఫర్ అనే ఆయన ముందే అమ్మాడని ఇంకొక వాదం. న్యూయార్క్‌లో జాక్ ఉబాల్డి అనే కసాయి అదే కండను అడ్డంగా కోసి న్యూపోర్ట్ స్టేక్ అన్న పేరుతో అమ్మాడు. కవుల కాలనిర్ణయంలో మన పండితుల తగాదాలు చూసినవాణ్ణి గనుక ఈ తగాదా నాకు వింతగా తోచలేదు. నా మట్టుకు ముగ్గురూ ఎవరి అంగడిలో వారు కనిపెట్టి ఉంటారనే అనిపిస్తుంది. కత్తి పట్టినవాడికి కండ కనబడదా? 1978లో శాంటా మరియా వాణిజ్య మండలివారు తమ విందు క్రమాన్ని, అంటే కాల్చిన మాంసం, పింకీటో అనే చిన్న చిక్కుడు గింజలు, సల్సా, వెన్న పూసిన రొట్టె, పచ్చి ఆకుకూరలు, కాపీరైటు చేయించారు. పులిహోరకు ఎవరైనా కాపీరైటు చేయిస్తే మనం నవ్వమా!

ఇదంతా నేను తరువాత తెలుసుకొన్నది. మా వెతుకులాట మొదలైంది న్యూజెర్సీలో. అబ్బాయి ఉద్యోగం మారి అక్కడికి వెళ్ళాడు. కోడలికి, మనవరాలికి ఆ కాల్చిన కండ మీద మనసు. తూర్పుతీరంలో తుంటిని వేరే విధంగా కోస్తారు. మన కండ పెద్ద ముక్కలో ఒక కొసగా కలిసిపోతుంది, లేదా కైమాలో పడుతుంది. 1967 నుండి అయోవా బీఫ్ ప్యాకర్స్ అనే కంపెనీ పశువును కర్మాగారంలోనే ముక్కలు చేసి పెట్టెల్లో పంపడం మొదలుపెట్టాక, ఒకే రకం కండలను పెట్టెనిండా పంపగలిగే వీలు కలిగింది. పడమటన ఆ పెట్టెలకు గిరాకీ ఉంది, తూర్పున అంతగా లేదు. గిరాకీ లేదు గనుక దుకాణాలవారు తెప్పించరు. తెప్పించరు గనుక ఎవరికీ తెలియదు.

మొదటి దుకాణంలో కుర్రవాడు తల గీరుకొని సర్లాయిన్ టిప్ అని ఒక ముక్క కట్టి ఇచ్చాడు. పేరులో టిప్ ఉంది గదా అని తెచ్చుకొన్నాం. అది వేరే కండ, తొడది. కాల్చితే చెప్పుతోలు. రెండవచోట అసలు అటువంటిది లేదన్నారు. మూడవచోట ఒక పెద్దాయన, "అది మేము రోజూ గ్రైండు చేసేదే, ఎవరు అడుగుతారు?" అన్నాడు.

చివరకు దొరికింది నెవార్క్‌లో. ఐరన్‌బౌండ్ అనే పేటలో పోర్చుగీసువారు, బ్రెజిల్‌వారు ఎక్కువ. అక్కడి ఒక మాంసపు అంగడి గోడ మీద పశువు బొమ్మ, దాని మీద గళ్ళు, గడిగడికీ ఒక పేరు. మా మనవరాలు ఆ ముక్కోణపు గడిని చూసి, "అదే, అదే!" అని అరిచింది. గడిలో మామిన్యా అని ఉంది. చిన్న చన్ను అని అర్థమట. అంగడివాడు అల్కత్రా అనే పెద్ద ఖండాన్ని బల్లమీద వేసి, రెండు కత్తిగాట్లతో కండను విడదీసి ఇచ్చాడు. దానిలో నరాలు సగం ఒక దిక్కుకు, సగం మరొక దిక్కుకు నడుస్తాయని, వండాక వంపు దగ్గర రెండుగా చేసి, ఒక్కొక్క భాగాన్ని నరానికి అడ్డంగా కోసుకోవాలని వేలితో గీసి చూపించాడు. ఇన్నాళ్ళూ వస్తువు ఉన్నది. మాకు లేనిది పేరు.

అప్పుడు పట్టుకొంది నాకు నిఘంటు పిచ్చి. అర్జెంటీనాలో దాన్ని కొలీతా దె క్వద్రిల్ అంటారు, తుంటితోక అని. స్పెయిన్‌లోనూ తోక పేరే. ఫ్రాన్స్‌లో ఎగ్విల్యెత్ బరోన్. జర్మనీలో రెండు పేర్లు: బ్యుర్గర్‌మైస్టర్‌ష్ట్యుక్, పాస్టోరెన్‌ష్ట్యుక్. మొదటిది నగరాధ్యక్షుని ముక్క, రెండవది పాదిరిగారి ముక్క. మంచి కండ గనుక ఊరి పెద్దలకు తీసిపెట్టేవారని ఆ పేర్లకు వ్యుత్పత్తి చెబుతారు. ఇక వియన్నా నగరానిదైతే వెర్రి. మైస్ల్ ఉంట్ షాడ్న్ అనే భోజనశాలలో ఉడికించిన గొడ్డుమాంసం ఇరవైనాలుగు రకాలుగా వడ్డించేవారు. ఇన్నిటి తేడా తెలియనివాడు అక్కడ నాగరికుడు కాడు. ఆ భోజనశాలలోనే 1916 అక్టోబరు 21న ఆస్ట్రియా ప్రధాని స్ట్యుర్క్ భోజనవేళ హత్యకు గురయ్యాడు.

ఇన్ని భాషల్లో పేర్లున్న కండకు తెలుగులో పేరేమిటి? మా పెద్దన్నకు ఫోను చేశాను. ఆయన వాడలోనే ఉంటాడు, చిన్నప్పటి నుండి కోతకు కూర్చున్నవాడు. ఎక్కడిదో వర్ణించి చెప్పాను. "తొడమీది కండేగదరా, దానికి పేరెందుకు? పోగులో పడిపోద్ది" అన్నాడు.

పోగు అన్నాక నాకు అంతా కళ్ళకు కట్టింది. మా వాడలో పశువును కోస్తే తాటాకుల మీద ఇంటికొక పోగు. ప్రతి పోగులోనూ మెత్తని కండ ఇంత, గట్టికండ ఇంత, ఎముక ఇంత, కొవ్వు ఇంత పడాలి. ఒక పోగు ఎక్కువైతే పెద్దలు చేత్తో తీసి ఇంకొక పోగులో వేసేవారు. కండకు పేరుంటే ఫలానాది నాకు కావాలని అడగవచ్చు. అడిగే పద్ధతే లేదు. పేర్లున్నవి వేరుగా పంచుకొనే వాటికే: కార్జం, తిల్లి, బోటి, నల్ల, మూలుగ ఎముక. మిగిలినదాన్ని కోసి దండేల మీద ఎండవేస్తే తునకలు. అమరకోశం వల్లూరం అన్నది వాటినే. తరగతిలో నేను వల్లూరం అన్న పదానికి అర్థం చెప్పాను గాని, అది మా దండెం మీద ఉందని ఏనాడూ చెప్పలేదు. ఉపాధ్యాయుల గదిలో మధ్యాహ్నం డబ్బా తెరిచేటప్పుడు మూత అడ్డంపెట్టుకొనేవాణ్ణి. ఏం కూర మాస్టారూ అని అడిగితే వంకాయ అనేవాణ్ణి. మా ఆవిడ ఆ రోజుల్లో నిజంగానే వంకాయ పెట్టడం మొదలుపెట్టింది, నాకు అబద్ధం ఆడే అవసరం లేకుండా.

మనవరాలు బడికోసం ఒక పట్టిక గీసుకొంది. ఒక వరుసలో భాషలు, ఎదురుగా ఈ కండ పేర్లు. నేను అక్షరాలు చెబుతూంటే అన్నీ తెలుగు లిపిలో వ్రాసింది. తెలుగు అన్న చోట గడి ఖాళీగా ఉంది. పోగు అని వ్రాయమన్నావా అని అడిగింది. పోగు కండ పేరు కాదమ్మా అన్నాను. పాఠకులలో ఎవరి వాడలోనైనా, ఏ జిల్లాలోనైనా దీనికి వేరే పేరు వాడుకలో ఉంటే దయచేసి తెలియజేయండి. ఊరి పేరుతో సహా వ్రాయగలరు.